ఎర్ర బండి, నీలం బండి, ఇరవై రోజుల మూగనోము

జూన్ 1, ఆదివారం. ఉదయం 7.10
ఒట్టు వేశాను! మా అమ్మాయి మొరేనా పెళ్ళి ఇరవై ఒకటిన. అప్పటిదాకా ఎర్ర బండి గొప్పదా, నీలం బండి గొప్పదా అన్న మాట నా నోట రాదు. ఎర్రది నాది, మన ఇటలీ మోటారుసైకిలు. రెండువందల పదిహేను గుర్రాల శక్తి. నీలంది జపానుది, కాబోయే వియ్యంకుడు ఒరెస్తేది. దాని గురించి ఇంతకన్నా రాయను. డైరీ కూడా నోరే.

షరతు పెట్టింది మొరేనా. "నాన్నా, రెండేళ్ళ కిందట ఆ సంబంధం భోజనాల దగ్గర ఎలా తప్పిపోయిందో గుర్తుందిగా?"

గుర్తుంది. ఎర్ర బండి రోడ్డు మీద కన్నా షెడ్డులోనే ఎక్కువ ఉంటుందన్నాడు ఆ కుర్రాడు. నేను సూపు గిన్నె ఎత్తాను. విసరలేదు, ఎత్తానంతే.

"ఈసారి నోరు జారావో, చర్చిలో నా చెయ్యి పట్టుకుని నడిపించేది నువ్వు కాదు. సెకొందో మామయ్య."

సెకొందో! నా బావమరిది! మోపెడ్ మీద తిరిగేవాడు! ఈ పిల్ల పుట్టిన రోజు నుంచీ ఎత్తుకుని తిరిగింది నేను. ఇరవై రోజులు నోరు కట్టేసుకోలేనా?

జూన్ 3. రాత్రి 9.00
మౌనం భేషుగ్గా ఉంది. బీపీ కూడా తగ్గినట్టుంది. బార్‌లో పేకాట దగ్గర మా ఎర్రబండి సంఘం వాళ్ళు రెచ్చగొట్టారు. "ఏం నేవియో, మీ వియ్యంకుడి కుట్టుమిషను బాగా కుడుతోందా?" నవ్వి ఊరుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఆ సంఘానికి అధ్యక్షుణ్ణి, నవ్వి ఊరుకున్నాను!! ఇంటికొచ్చి మా ఆవిడ డెర్నాకి గొప్పగా చెప్పుకుంటే, "ఇంకా పద్దెనిమిది రోజులుంది" అంది.

జూన్ 8, ఆదివారం
ఒరెస్తే దంపతులు భోజనానికొచ్చారు. ఆయన కూడా పెళ్ళాం దగ్గర ఇదే ఒట్టు వేశాడట. పాపం.
1.15. ఎండల గురించి మాట్లాడుకున్నాం.
1.40. మళ్ళీ ఎండల గురించే.
2.05. "బావగారూ, ఒక్కసారి మీ బండి చూడొచ్చా?" అన్నాడు. చూడ్డం మాట్లాడ్డం కాదుగా!
2.10. స్టార్ట్ చేశాను. అదీ మాట్లాడ్డం కాదు. ఆయన వెళ్ళి తనది స్టార్ట్ చేశాడు. నేను ఒక్కసారి రేజ్ చేశాను. ఆయన రెండుసార్లు. నేను మూడుసార్లు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పక్కింటి కుక్క తోటలోంచి పారిపోయింది.
డెర్నా గరిటెతో వచ్చింది. "మాటలైనా నయమే కదయ్యా మీకు!"
మొత్తం మాటలు: సున్నా. ఒట్టు భద్రం.

జూన్ 12
పెళ్ళికి ముందు పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యాలి కదా, ఫాదర్ అత్తీలియో దగ్గరికి వెళ్ళాను. ఆయనా బండి నడుపుతాడు. "ఫాదర్, మనసులో రోజంతా అవే ఆలోచనలు. మలుపుల్లో ఎర్రదాన్ని మించింది లేదని..."
"తప్పు నాయనా," అన్నాడు. గొంతు తగ్గించి, "బ్రేకుల సంగతి?" అన్నాడు.
నలభై నిమిషాలు పట్టింది. బయట వరసలో ముసలమ్మలు దగ్గుతున్నారు. దేవుడితో చెప్పుకున్నది లెక్కలోకి రాదు.

జూన్ 15, ఆదివారం. ఉదయం 5.50
రొట్టె తెస్తానని డెర్నాకి చెప్పి మురాల్యోనే కనుమకి బయల్దేరాను. ఒరెస్తే కూడా రొట్టెకే వచ్చాడు. బళ్ళు మార్చుకుని కొండెక్కుతాం. మాటల్లేవు. నడిపి చూడ్డమే.

రాత్రి 10.00
రాయలేకపోతున్నాను.
నీలంది మలుపు తిరుగుతుంటే పళ్ళెంలో నెయ్యి జారినట్టు జారింది. నడుం నొప్పి లేదు. తొడలు కాలలేదు. కొండ మీద దిగేసరికి నాకు ఏడుపొచ్చింది. నీలందే గొప్పది! దేవుడా, ఇదేం ఖర్మ!
వెనకాలే ఒరెస్తే నా ఎర్రది దిగాడు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళే. "బావగారూ, ఎర్రదే గొప్పది. ఆ శబ్దం! నా ముప్ఫై ఏళ్ళూ దండగైపోయాయి."
"మీ మొహం. నీలందే!"
"కాదు, ఎర్రదే!"
"నా బండి సంగతి నాకు తెలీదా? అది నడుం విరగ్గొడుతుంది!"
"నా బండి సంగతి నాకు తెలీదా? దానికి ప్రాణమే లేదు!"
నువ్వు నువ్వు అనుకునేదాకా వచ్చింది. కాలర్లు పట్టుకున్నాం. అటూ ఇటూ పాతికమంది బండివాళ్ళు పోగయ్యారు.
రొట్టె మరిచిపోయాను.

జూన్ 16
ఎవడో ఫోన్లో తీశాడు. ఊరంతా చూసింది. ఇంజన్ల హోరులో మాటలు వినబడవు, మా చేతులే కనబడుతున్నాయి. మా ఊళ్ళో చేతులు చాలు.
బార్‌లో సంఘం వాళ్ళు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. "శభాష్ నేవియో! ఎర్రదాని పరువు నిలబెట్టావు!" కాదని చెప్పలేదు.
మొరేనా వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "మా మామగారి కాలర్ పట్టుకున్నావా నాన్నా? బండి కోసం?"
అసలు నేను ఆయన బండినే పొగుడుతున్నానమ్మా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే ఎర్రబండి సంఘం అధ్యక్షుడు నీలందాన్ని పొగిడాడని ఊరంతా తెలుస్తుంది. తల దించుకున్నాను.
"సరే. సెకొందో మామయ్యకి చెబుతాను" అంది.

జూన్ 20. సాయంత్రం
సెకొందో మా హాల్లో కొత్త బూట్లతో నడక సాధన చేస్తున్నాడు. కిర్రు, కిర్రు.
ఒరెస్తే ఫోన్. "బావగారూ, నిజం మీరే చెప్పేయండి."
"మీరు చెప్పొచ్చుగా?"
"మా నీలంబండి సంఘం వాళ్ళు పాతిపెడతారు."
ఇద్దరం పిరికి సన్నాసులం. పిల్ల పెళ్ళి గౌను గోడకి వేలాడుతోంది. నాకు అన్నం సహించలేదు.

జూన్ 21, శనివారం
చర్చి మెట్లు. ఒక పక్క మా సంఘం ఎర్ర జాకెట్లతో, ఇంకో పక్క వాళ్ళ సంఘం నీలం జాకెట్లతో. మొరేనా కారు దిగింది. సెకొందో మోచెయ్యి చాచాడు. పిల్ల నా వైపు చూడలేదు. చెయ్యి ఆ మోచేతి మీదికి వెళ్తోంది.
అరిచేశాను. "నీలందే గొప్పది! ఆ రోజు నేనన్నది అదే! మీ మామగారి బండే గొప్పదన్నాను, ఆయన ఒప్పుకోలేదు!"
మా సంఘం కోశాధికారి బెంచీ మీద కూలబడ్డాడు.
"ఇదా నిజం?" అంది మొరేనా. "ఇది చెప్పలేక ఐదు రోజులు నన్ను ఏడిపించావా? నాకన్నా నీకు వీళ్ళ జాకెట్లు ఎక్కువయ్యాయా?"
"తప్పయిందమ్మా."
సెకొందో చెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. నా కూతురితో నడిచాను. జీవితంలో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ వెళ్ళలేదు.
ముందు వరసలోంచి ఒరెస్తే గొణిగాడు. "అయినా ఎర్రదే."
మూడడుగులు వేశాక, "నీలందే" అన్నాను.

జూన్ 22, ఆదివారం. ఉదయం 8.00
ఒట్టు వేశాను! మనవడో మనవరాలో పుట్టి, బాప్తిస్మం అయ్యేదాకా బళ్ళ మాట ఎత్తను. ఎత్తితే బిడ్డను ముందు ఎత్తుకునేది సెకొందోనట. ఈసారి గట్టిగా ఉంటాను.
8.40. ఒరెస్తే బండి మా షెడ్డులోనే ఉంది. నాది వాళ్ళింట్లో ఉంది. తిరిగి మార్చుకోవడం మరిచిపోయామని చెప్పుకుంటున్నాం.
8.45. రొట్టెకి వెళ్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా డెర్నా హెల్మెట్ పెట్టుకున్నాను.