రాఘవమ్మవ్వ ఇటుకలిల్లు

జూలై 9, 1934

త్రిపురాంతకం దగ్గర ఈ పల్లెకు మిషన్ వాళ్లు నన్ను టీచర్‌గా వేశారు. స్కూలు రాఘవమ్మవ్వ ఇంటి ముందు హాలులో. ఎక్కడ తవ్వినా రాయి దొరికే నేలలో ఎవరో పనిగట్టుకుని ఇటుకలతో ఇల్లు కట్టారు. ప్లాన్ అంటూ ఏమీ లేదు. హాలుకు తూర్పున ఒక గోడ, దాన్ని ఆనుకుని ఇంకో గోడ, దాన్ని ఆనుకుని మరొకటి. మెట్లున్నాయి, ఎక్కితే మిద్దె రాదు, గోడ వస్తుంది. కట్టించినవాడికి మతి చలించి ఉంటుంది.

జూలై 21

బయటి గోడలకు మంచి సున్నం. హాలు లోపలి గోడలకు వట్టి బురద, వేలితో గీరితే రాలుతోంది. డబ్బున్న ఇంట్లో ఇంత పిసినారితనమేమిటని అవ్వ ముందే అన్నాను. నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఆగస్టు 14

వాన లేదు.

సెప్టెంబరు 3

వేసిన విత్తనం మాడిపోయింది. కూలి లేదు. మా క్రైస్తవుల పేట మొత్తం గుంటూరు వైపు వలస పోతుందట. ఇస్సాకు వచ్చి తన పిల్లల పేర్లు కొట్టేయమన్నాడు. అతని భార్య సంతోషమ్మకు నెలలు నిండాయి. అంత దూరం ఎట్లా నడుస్తుంది? దారిలో ప్రసవమైతే తల్లీబిడ్డా దక్కరు. ఆ సంగతి అతనికీ తెలుసు.

సెప్టెంబరు 5, ఉదయం

రాఘవమ్మవ్వ కర్ర పట్టుకుని పేటకే వచ్చింది. హాలు తూర్పు గోడ విప్పాలి, కూలికి రోజూ జొన్నలు కొలుస్తాను అని చెప్పి వెళ్లిపోయింది. స్కూలు గతేమిటో ఎవరికీ పట్టలేదు.

అదే రోజు, సాయంత్రం

ఉండబట్టలేక వెళ్లి అడిగాను. ఈ ఇల్లు దాదాపు అరవై ఏళ్ల కిందటి ధాత కరువులో ఆమె మామగారు కట్టించారట. అప్పటికి ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మొదట గంజి పోయిస్తే సగం మంది రాలేదు, వచ్చినవాళ్లు తల వంచుకుని తాగి వెళ్లారు. రాళ్లు కొట్టే పని పెడదామంటే ఎముకల గూళ్లు సమ్మెట ఎత్తలేవు. మట్టి తొక్కడమైతే ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా చేస్తారు. అందుకే ఇటుక. వాన పడేదాకా కట్టిస్తూనే ఉన్నాడాయన. గదులు అయిపోతే గోడకు గోడ, ఎక్కడికీ పోని మెట్లు. ఇల్లు నిలబడేది సున్నపు గోడల మీదే. లోపలివి బురదతో ఎందుకంటే, ఇంకో కరువులో ఇటుక పగలకుండా ఊడదీసి మళ్లీ కట్టించడానికి.

"ఊరికే పెడితే తలకాయెత్తుకోని తింటారా అమ్మణ్ణీ మనుషులు?" అంది అవ్వ.

ధాన్యం దాచుకునేవాళ్లను చూశాను. కూలిపనిని గోడల్లో దాచిపెట్టిన మనిషి ఒకడుంటాడని నాకు తెలియదు. ఈ అవ్వే కులం చూసి నన్ను లోపలి గడప దాటనివ్వదు, అదీ రాసుకోవాలి. అయినా ఆ గోడకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను.

సెప్టెంబరు 19

గోడ దిగుతోంది. ఇటుకల మీద ఆ కరువునాటి వేళ్ల ముద్రలున్నాయి. ముసలివాళ్లు ఆ ఇటుకలను కింద పడనివ్వకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందిస్తున్నారు. ఎవరూ వలస పోలేదు. సంతోషమ్మ తన గుడిసెలోనే ఆడపిల్లను కన్నది. స్కూలు ప్రస్తుతం ప్రార్థన పందిట్లో.

అక్టోబరు 8

విప్పడం అయింది, కట్టడం మొదలైంది. ఈసారి కిటికీ పెట్టించమని అడిగాను. పెడితే ఆ మేరకు ఇటుకల పని తగ్గుతుందని అవ్వ ఒప్పుకోలేదు. కోపం రాలేదు. నాకే ఆశ్చర్యం.

అక్టోబరు 17

వాన. ఇస్సాకు తాపీ పడేసి చేలోకి పరిగెత్తాడు, వెనకే అందరూ. గోడ నడుమెత్తున ఆగింది. మిగతాది ఎప్పుడు కట్టిస్తావని అవ్వను అడిగాను.

"ఉండనీలే. వచ్చే కరువుకు కావాల గదా."