వసపిట్ట గొంతు

నా బంగారు చెల్లికి,

ముందు కూర్చో. నా బుడ్డదాన్నీ నీ కొడుకునీ ఆడుకోవడానికి పంపించి, తలుపు దగ్గరగా వేసి అప్పుడు చదువు. నీకు ఇన్నాళ్ళూ చెప్పిన బట్టల కంపెనీ లేదు, కుట్టుమిషనూ లేదు. నేను కడుపుతో ఉన్నాను. నోరు వెళ్ళబెట్టకు, ఏ మగాడూ నన్ను తాకలేదు. ఇది దూరదేశపు భార్యాభర్తల బిడ్డ. వాళ్ళ రక్తమే, డాక్టరమ్మ తెచ్చి నా కడుపులో పెట్టింది. నెలలు నిండేదాకా మోసి, వాళ్ళ చేతుల్లో పెట్టేసి వచ్చేస్తాను. మీ బావ పోయాక నేను ఎలా నెట్టుకొస్తున్నానో నీకు తెలియంది ఏముంది, అందుకే ఒప్పుకున్నాను.

మమ్మల్ని ఆసుపత్రి వెనకాల ఇంట్లో ఉంచారు. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, అందరివీ ఎత్తు పొట్టలే. మెట్లు ఎక్కకూడదు, బరువు ఎత్తకూడదు, వంగి గిన్నె కూడా కడగకూడదు. వేళకి పళ్ళెం మంచం దగ్గరికే వస్తుంది. బుద్ధెరిగాక ఇంత సుఖం ఎరగను. నా నోటి సంగతి నీకు తెలుసుగా, వచ్చిన వారంలోనే నాకు వసపిట్ట అని పేరు పెట్టేశారు.

ఇక్కడో తమాషా ఉంది. సాయంత్రం కాగానే వార్డెనమ్మ మా పొట్టలకి బెల్టులు కట్టి, వాటిలో చిన్న పెట్టెలు దోపుతుంది. ఎవరి పెట్టెలో వాళ్ళు మోసే బిడ్డ అసలు తల్లిదో తండ్రిదో గొంతు ఉంటుంది. పుట్టాక బిడ్డ ఆ గొంతు గుర్తుపట్టాలట. నా పెట్టెలో ఆవిడ ఏదో కథ చదువుతుంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మొదలుపెట్టే ముందు మాత్రం చిన్నగా రెండుసార్లు దగ్గుతుంది. మేం మటుకు పొట్టతో మాట్లాడకూడదు, మమకారం పెరుగుతుందని.

అసలు సంగతి ఇది. పక్క మంచం ఆవిడ, నేను నిదానమ్మ అని పిలుస్తాను, ఆవిడ కాన్పు దగ్గరపడింది. ఆ మంచం ఖాళీ అవుతుంది. వార్డెనమ్మ నీ గురించి అడిగింది. మీ ఆయన పని పోయి గోడలు చూస్తూ కూర్చున్నాడు కదా. నేను రాగానే పిల్లలిద్దరినీ నేను చూసుకుంటాను, నువ్వు ఇక్కడికి రా. మీ ఊళ్ళో వాళ్ళ మనిషి ఉన్నాడు, వెళ్ళి రక్తపరీక్ష చేయించుకో. భయపడాల్సింది ఏమీ లేదు.

ఇట్లు,
పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని తింటున్న
నీ అక్క

చెల్లీ,

మొన్నటి ఉత్తరం వార్డెనమ్మ చదివి, తనే పోస్టు చేయించింది. ఇది బట్టలు ఉతికే ఆవిడ తన సంచిలో పెట్టుకుని తీసుకెళుతుంది. ఏది నమ్మాలో నువ్వే తేల్చుకో.

నిదానమ్మకి నొప్పులు రాలేదు, రోజులూ నిండలేదు. ఆ బిడ్డ తల్లిదండ్రులు ముందే విమానం టికెట్లు తీసుకున్నారట, తిరుగు ప్రయాణానికి కూడా. అందుకని ముందే కోసేశారు. సాయంత్రం వార్డెనమ్మ వచ్చి అంతా క్షేమం అంది. మేమంతా సంతోషపడ్డాం. తీరా మర్నాడు నిదానమ్మ ఎలా ఉందని అడిగితే, "చెప్పాగా, బిడ్డ క్షేమం" అంది. ఈ ఇంట్లో అంతా అంటే బిడ్డేనని నాకప్పుడు తెలిసింది. నిదానమ్మకి రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేశారు. తర్వాత దువ్వెనా చెప్పులూ తీసుకోవడానికి వచ్చింది. సంచి ఎత్తలేకపోతే నేను ఎత్తబోయాను, బరువు ఎత్తకూడదని వార్డెనమ్మ నన్ను కసిరింది. ఆ సంచి మోయడానికి ఈ ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది పిచ్చిది.

ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నేను సంతకం చేసిన కాగితంలో ఏముందో చదివి చెప్పమని పట్టుపట్టాను. ప్రాణం మీదికొస్తే ముందు బిడ్డని కాపాడాలి అని ఉందట. నేను చదవలేని భాషలో నా చావుకి నేనే సంతకం చేశాను చెల్లీ. నా బుడ్డది నీ దగ్గరే ఉండిపోతే ఏం చేస్తావు నువ్వు?

ఇంకో సంగతి, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నిదానమ్మ మంచం ఖాళీ చేసిన హడావుడిలో బెల్టులన్నీ ఒకేసారి ఉతికి పెట్టెలు తారుమారు చేశారు. నా పొట్ట మీద దగ్గు వినబడటం లేదు. ఎవరో మగాయన తీసే కూనిరాగం వినబడుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరి పెట్టెలూ విప్పి చూస్తారు, ఎవరి ఉద్యోగమో పోతుంది. అంటే ఈ బిడ్డకి రోజూ మాటలు వినిపించే గొంతు నాదొక్కటే అయింది. నేనేమో పొట్టతో మాట్లాడను, కానీ గోడతో, పంఖాతో, పక్క మంచంతో మాట్లాడుతూనే ఉంటాను. నీ గురించీ బుడ్డదాని గురించే అంతా. వినేవాళ్ళు ఎవరో నాకేం తెలుసు.

నీ కాళ్ళు పట్టుకుంటాను, రక్తపరీక్షకి వెళ్ళకు.

భయంతో,
అక్క

చెల్లీ,

బతికే ఉన్నాను. ఆడపిల్లట. నా మెడ కింద గుడ్డ అడ్డం కట్టారు, ఏడుపు మాత్రం విన్నాను. ఆ ఏడుపు దూరమవుతుంటే నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. నర్సు దించేసింది.

నీ జవాబు కాన్పుకి ముందురోజు అందింది. "నువ్వు చేయగలిగింది నేను చేయలేనా అక్కా, నీకు తిండి కుదిరింది, నాకు కుదరకూడదా" అని రాశావు. పరీక్ష అయింది, సంతకమూ అయింది, పైవారం సోమవారం వస్తున్నాను అన్నావు. నీ మొండితనం మండిపోనూ. నిన్ను పిలిచిన నా నోరు పడిపోతే బాగుండు అనుకున్నాను. పడిపోకపోవడమే మంచిదైంది, విను.

పిల్ల ఒకటే ఏడుపట. తల్లి ఎత్తుకున్నా ఆగదు, పెట్టెలో గొంతు వినిపించినా ఆగదు. పాలు తాగదు, బరువు తగ్గుతోంది. ఒక రోజు నర్సు దాన్ని నా గది ముందు నుంచి తీసుకెళ్తోంది. అప్పుడు నేను వేడినీళ్ళ కోసం ఆయాతో పోట్లాడుతున్నాను. పిల్ల ఠక్కున ఊరుకుంది. ఆ గంటలోనే వార్డెనమ్మ పరిగెత్తుకొచ్చింది. నా మాటలు ఓ గంట రికార్డు చేసి ఇవ్వాలట, దానికి వేరే డబ్బు ఇస్తారట.

వెనకాలే పిల్ల తల్లి వచ్చింది. చెడ్డమనిషిలా లేదు చెల్లీ, అదే నాకు కష్టమైంది. కళ్ళు వాచిపోయి, జాకెట్టు గుండీలు తప్పుగా పెట్టుకుని, నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. అడగబోయే ముందు రెండుసార్లు దగ్గింది. పెట్టెలో విన్న దగ్గే.

నేను అన్నాను, "నాకు డబ్బు వద్దు. నా చెల్లెలి సంతకం ఉన్న కాగితం తెచ్చి నా ముందు చింపండి, అప్పుడు నోరు విప్పుతాను."

వార్డెనమ్మ ఆవిడకి వాళ్ళ భాషలో చెప్పి, నాతో కుదరదంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను మాట్లాడకుండా ఉన్నది ఆ రోజే. అవతల పిల్ల ఏడుస్తుంటే పళ్ళు బిగబట్టుకున్నాను, పాలొచ్చి రవిక తడిసిపోయింది. నేను మనిషినేనా అని కూడా అనిపించింది. చివరికి ఆవిడే వార్డెనమ్మ మీద అరిచి, కాగితం తెప్పించి, తన చేత్తోనే చింపింది. ముక్కలు ఈ కవరులోనే ఉన్నాయి, నీ సంతకం చూసుకో.

అప్పుడు మాట్లాడాను. ఏం చెప్పానంటావా? "ఒసే పిల్లా, నీకు పెట్టెలు తారుమారయ్యాయి, నీ తప్పు లేదు. మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గే మనిషి ఉంటుంది చూడు, ఆవిడే మీ అమ్మ. ఆవిడ దగ్గరికి పో" అని చెప్పాను. ఆవిడని మధ్యమధ్యలో పక్కన దగ్గమని సైగ చేశాను. ఎందుకో అర్థం కాకపోయినా దగ్గింది. తర్వాత నీ గురించి, మన వీధి గురించి, గంటసేపు వాగాను. పిల్ల పాలు తాగిందట. నాకు చూపించలేదు.

నాకు వచ్చినదాంట్లో సగం నీది. చాలదు, తెలుసు. ఇద్దరం కలిసి ఏదో ఒకటి చూద్దాం. కానీ ఆ మంచం ఎక్కడానికి వీల్లేదు. ఆ మంచం మీద ఇప్పటికే ఎవరో పడుకుంది, దాన్ని నేను ఆపలేకపోయాను.

నిన్న ఫోను ఇచ్చారు కదా, బుడ్డదాన్ని పిలిచావు. నేను "కన్నా" అన్నాను. అది నీతో, "ఎవరో పిన్నీ, ఎవరో" అంది. నువ్వు నవ్వేశావు, నేనూ నవ్వాను. ఎవరికో పుట్టిన బిడ్డ సముద్రాల అవతల నా గొంతు వింటూ నిద్రపోతుంది. నా కడుపున పుట్టిందేమో నన్ను ఎవరో అంటోంది.

ఆ సోమవారం నువ్వు రావు, నేను వస్తాను. బుడ్డదాన్ని ఎత్తుకుని వీధి వాకిట్లో నిలబడు. మొదట కొత్త చేస్తుంది, నా చేతికి ఇవ్వకు. నేను వీధి మొదట్నుంచే ఏదో ఒకటి వాగుతూ వస్తాను.

నీ అక్క,
వసపిట్ట