బతికున్న మార్కుకు శిలువ

12-2-1989

బావా, మార్కుని మంచు చంపలేదు, నువ్వు చంపావు. ఇక్కడ సరిహద్దు కొండల్లో మా పటాలం మీద మంచుచరియ విరిగిందని రేడియోలో విని, మా దగ్గర్నుంచి తంతి రాకముందే ప్రార్థన చేయించి, శవం లేకుండానే పిట్టలవానిపాలెం సమాధుల దొడ్డిలో వాడి పేర శిలువ పాతించావు. ఆ సంగతి నాకు రాసిన కార్డు ముందు వాడి చేతికే చిక్కింది.

అప్పట్నుంచి వాడు అన్నం ముట్టడు. "నా మట్టి అయిపోయింది గదా బాబాయ్, ఇంకా నన్ను లేపుతారేంటండి?" అంటాడు. తోటి కుర్రాళ్ళు వాడి పక్కన పడుకోవడం మానేశారు. నిన్న హాజరులో వాడి పేరు పిలిచాను. నా ఎదుటే నోరు మూసుకుని నిలబడ్డాడు. "హాజర్" అన్న వాడి గొంతు మాత్రం వెనక మంచులోంచి వచ్చింది. దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మనివాణ్ణి, నేనూ విన్నాను. వెంటనే అందరిచేతా వాడి నాడి పట్టించాను. "కొట్టుకుంటోంది సాబ్" అన్నారు గానీ ఒక్కడి మొహంలోనూ నమ్మకం లేదు. వచ్చే నెల కొండమీది కాపలా చౌకీకి ఎక్కాలి. బతకాలని లేనివాడు అక్కడ ఒక్క రోజు నిలవడు. దేవుడి చిత్తమని నువ్వు తప్పించుకోకు.

నాన్న దగ్గు తగ్గిందా? మినుము పీకారా? అక్కకు నమస్కారాలు. నువ్వు వెంటనే చెయ్యవలసినవి:

1. ఆ శిలువ పీకించు.

2. వాళ్ళమ్మ దానమ్మ వేలిముద్రతో వాడికి కార్డు పంపు.

3. అందులో ఆమెచేత వాణ్ణి నోరారా తిట్టించు. ఒక్క తిట్టూ దిద్దకు. మనవైపు చచ్చినవాణ్ణి ఎవరూ తిట్టరు.