పొట్ట మీద మచ్చలు

మార్చి 4
వెన్నులో ట్యూమర్ చాలదన్నట్టు అన్నయ్య కాల్లో రక్తం గడ్డకట్టి క్లాట్ కూడా ఉందట. రక్తం పల్చబడటానికి రోజుకు రెండు ఇంజెక్షన్లు, పొట్ట మీద. వెయ్యకపోతే క్లాట్ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వేస్తే ట్యూమర్ దగ్గర రక్తం కారి కాళ్లు పడిపోవచ్చు. రెండూ ఒకే గొంతుతో చెప్పారు డాక్టరమ్మ. రోజూ కాలి వేళ్లు కదిలించమని చూడాలి, కదలకపోతే లోపల రక్తం కారుతున్నట్టే అన్నారు. వదిన సూది చూసి ఏడ్చేసింది. రోజూ గడ్డాలకి కత్తి పట్టేవాడివి, నీకేం భయమయ్యా అని నాకు అంటగట్టింది.

మార్చి 5
వేశాను. నల్లగా మచ్చ పడింది.

మార్చి 9, ఉదయం
షాపు తెరవకముందే అన్నయ్యకి గడ్డం గీశాను. ఇరవై రెండేళ్లుగా ఎన్ని గాట్లు చూడలేదు! పటిక రుద్దితే నిమిషంలో ఆగుతుంది. ఇవాళ చెవి కింద ఆవగింజంత గాటు. పటిక రుద్దాను, దూది నొక్కాను. ఇరవై నిమిషాలు! టవల్ ఎర్రబడింది. నీ షాపుకి ఇంక రానురా అని అన్నయ్య జోకు. నాకు నవ్వు రాలేదు. వెన్ను లోపల కారితే అక్కడ పటిక ఎవడు రుద్దుతాడు?

సాయంత్రం
మందు సింకులో పోశాను. ఖాళీ సూది గుచ్చాను.

మార్చి 11
నిన్న రెండు పూటలా అంతే. ఇవాళా అంతే. వేళ్లు బాగా ఆడుతున్నాయి. నేనే డాక్టర్నన్నట్టు మురిసిపోయాను, సిగ్గులేకుండా.

మార్చి 12, మధ్యాహ్నం
అన్నయ్యకి ఊపిరాడట్లేదని వదిన ఫోన్. సగం క్రాపు చేసిన మనిషిని కుర్చీలోనే వదిలేసి పరిగెత్తాను. ఆస్పత్రిలో స్కాన్ తీశారు. క్లాట్ ఊపిరితిత్తుల్లోకి పోయింది. డోసు ఏమైనా తప్పిందా అని డాక్టరమ్మ అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య మాస్కు తీసి, ఒక్కటీ తప్పలేదు, మా తమ్ముడు టైముకి వేశాడు అన్నాడు. నేను తలూపాను. తలూపాను!

5.20
పూర్తి డోసు మీద కూడా క్లాట్ కదిలిందంటే ఈ డోసు చాలట్లేదట. ఆరింటికి పెంచుతారట. చచ్చాను. నా అబద్ధాన్ని నమ్మి పెంచుతున్నారు. పెంచితే ట్యూమర్ ఊరుకుంటుందా? చెప్తే వదిన మొహం ఎలా చూడను? కారిడార్‌లో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఐదూ నలభై. పోతున్నాను.

మార్చి 13
చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు, అదే ఇంకా మండింది. పాత డోసే. వదిన నాతో మాట్లాడట్లేదు.
అన్నయ్యకి ముందే తెలుసట. ఆ మూడు రోజులూ కొత్త మచ్చ పడలేదు కదరా అన్నాడు. మరి నోరెందుకు మూసుకున్నావని అరిచాను. నాక్కూడా కాళ్లు కావాలి కదరా అన్నాడు.

మార్చి 20
ఇంటికొచ్చాం. ఈ వారంలో కొత్త మచ్చలు పద్నాలుగు, లెక్క తప్పలేదు. ఎడమ కాలి బొటనవేలు కదిలించమన్నాను. వేలు కదల్లేదు.
కదిలించాను కదరా అన్నాడు.