అలమారా తాళానికి సంజాయిషీ

మేనేజరుగారికి,

మీ గదిలో అలమారా తాళం ఎందుకు పగలగొట్టానో సంజాయిషీ రాసిమ్మన్నారు. రాస్తున్నాను.

గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే ఆ మిషను మొదట ప్యాకింగ్ హాలు గోడకే ఉండేది. వచ్చేపోయేవాళ్లు చెయ్యి పెడుతున్నారని మీరే తీయించి అలమారాలో పెట్టించారు. తనిఖీవాళ్లు వచ్చిన రోజు మాత్రం గోడకెక్కేది, వాళ్లు వెళ్లగానే దిగేది. ఎక్కించిందీ దించిందీ నేనే.

మంగళవారం మధ్యాహ్నం మా ప్యాకింగ్ ఆపరేటరు, నోరు మూయడని మేమంతా రేడియో అని పిలిచే మనిషి, మాట మధ్యలో కుప్పకూలాడు. ఒకడు ఛాతీ మీద నొక్కుతుంటే నేను మీ గదికి పరిగెత్తాను. తాళంచెవి మీ జేబులో ఉంది, మీరు బయట ఉన్నారు. ఫోన్ చేస్తే, "వచ్చేస్తున్నా, ఏదీ పగలగొట్టకండి" అన్నారు. మీ మాట విని పది నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాను. ఆ తర్వాతే సుత్తి తెచ్చాను.

ఛాతీకి ప్యాడ్లు అంటించాక, "షాక్ అవసరం లేదు" అంది మిషను. గండం గడిచిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆలస్యమైతే గుండె షాక్‌కి కూడా అందని దశకి వెళ్లిపోతుందని, అప్పుడూ మిషను ఆ మాటే అంటుందని అంబులెన్సులో వచ్చినావిడ చెప్పేదాకా మాకు తెలియదు.

తాళం పగలగొట్టిన మాట నిజం. మీరడిగింది దాని గురించే. రేడియో పోయాక ఆ పది నిమిషాల గురించి వాళ్లావిడ అడిగింది. ఆవిడకీ ఒక సంజాయిషీ రాశాను. అందులో నా సంతకం కింద మీ సంతకానికి చోటు వదిలాను.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఫిట్టరు