బండ పేలిన పొద్దున

ఒరేయ్ యాదగిరీ,

యుద్ధంలో నిన్ను వదిలి వచ్చాక నీకు రాయడం ఇదే మొదలు. చేరదని తెలిసే రాస్తున్నాను.

ఫౌజు నుంచి రిటైరయ్యాక మాదాపూర్‌లో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే ఇక్కడి ముసలివాళ్లతో మన పీటీ చేయిస్తాను, కాస్త మెత్తగా. నేను చేతులెత్తితే ఎత్తుతారు, వంగితే వంగుతారు. ఎందుకని ఒక్కరూ అడగరు.

ఇవాళ మంచు ఇంకా విడలేదు. కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి భవనం గాలిలో తేలుతున్నట్టుంది. అంతలో దాని పక్కన బండ పేల్చారు. నేనెప్పుడు నేల మీద బోర్లా పడ్డానో నాకే తెలియదు.

నవ్వుతారనుకుని సిగ్గుతో తలెత్తాను. ఎవరూ నవ్వడం లేదు. కొత్త కసరత్తు అనుకున్నారేమో, ఒకరినొకరు పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగుతున్నారు. బోర్లా పడుకోలేని నర్సమ్మ వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది.

"గిది మంచిగున్నది సారూ. జరసేపు గిట్లనే పండుకుందాం," అంది.

అలాగే ఉన్నాం. దుమ్ము మా మీదికి మెత్తగా దిగింది, అప్పుడు యుద్ధంలో గుండు పేలాక మన మీదికి దిగినట్టే. ఆ రోజు దుమ్ము తగ్గాక నేను లేచి నిన్ను పిలిచాను. నువ్వు పడుకునే ఉన్నావు.

ఇవాళ లేవమని పిలవడానికి నాకు భయమేసింది. చివరికి నర్సమ్మే "ఇగ లేద్దమా సారూ?" అని చెయ్యి చాపింది. లేచి ఒక్కొక్కరికీ చెయ్యి అందించాను.

అందరూ లేచారురా, యాదగిరీ.