అంగారకుడి మీద బోరు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు అందదని తెలిసీ రాస్తున్నాను. ఈ కబురు మనసులో పెట్టుకుని కుదురుగా ఉండలేకపోతున్నాను.

వనపర్తి పుస్తకాల షాపులో ఈ ఏడాది రాబోయే సైన్స్ ఫిక్షన్ నవలల జాబితా అంటించారు. అందులో నువ్వు దవాఖానలో కూడా అడిగిన అంగారకుడి కథ ఉంది. చివరి భాగం దసరాకు వస్తుందట. ఆ ఎర్రమట్టిలో బోరు వేస్తున్న అమ్మాయికి నీళ్లు పడ్డాయో లేదో తెలియకుండానే వెళ్లిపోయావు. దసరా దాకా ఎలా ఆగాలో తెలియక, నిన్న పెద్దమందడి పోయి బావకు చెప్పాను.

నువ్వు చదువుతుంటే "గా చుక్కల కథలు కడుపు నింపుతయా?" అని కసిరేవాడు కదా. ఈసారి "మొదటి సంది చెప్పు" అన్నాడు.

ఇప్పటిదాకా వచ్చిన రెండు భాగాలూ చెప్పాను. పొలంలో మూడు బోర్లు వేసి చుక్క నీరు చూడని మనిషి, లేచి వాకిట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఎన్ని ఫీట్లు పోయింది?"

"ఆరువందలు."

"ఆపొద్దని చెప్పు ఆ పిల్లకు. ఇంకో యాభై పొమ్మను."

"పుస్తకం అచ్చుకు పోయింది బావా."

బావ లోపలికి పోయి నీ ట్రంకుపెట్టె తెరిచి మొదటి భాగం తీశాడు. "నాకు చదువుడు జర మెల్లగ వస్తది. దసరా లోపల రెండూ అయితయా?" అని అడిగాడు.

ఈ పొద్దున ఫోన్ చేశాడు. పదకొండో పేజీలో ఉన్నాడట.

నీ చెల్లెలు